ఏడుంబావుకి వచ్చే డబ్బా

మే 20, మంగళవారం. మధ్యాహ్నం 3.00

పంప్ హౌస్‌లో ముప్పై నాలుగేళ్ళు లాగ్‌బుక్ రాశాను. వాల్వు ఎన్నింటికి తిప్పాను, ప్రెషర్ ఎంత, ఎన్నింటికి కట్టేశాను. అంతకు మించి రాయడం నాకు రాదు. హాస్పిటల్లో ఏమీ తోచక ఈ నోట్‌బుక్ తెప్పించుకున్నాను.

పెద్దపేగు నిండా పుండ్లు. రోజుకి పద్నాలుగుసార్లు వెళ్తున్నాను. నెత్తురు పడుతోంది. ఉన్న మందులన్నీ వాడేశాం అంది డాక్టరమ్మ. ఇక రెండే దారులట. ఒకటి, పేగు తీసేసి పొట్టకి సంచీ తగిలించడం. రెండోది, ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తెచ్చి, ల్యాబ్‌లో కడిగి వడకట్టి, ఆ నీళ్ళు నా పేగులోకి ఎక్కించడం. అందులోని మంచి క్రిములు నా పేగుని దారిలో పెట్టొచ్చట. పెట్టకపోనూ వచ్చట. ముందు ఇది చూద్దాం అంది.

నేను తల దించుకున్నాను. మా ఆవిడే అడిగింది, ఎవరిది తేవాలమ్మా అని.

మే 23, శుక్రవారం

మనిషి దొరికాడు. మా తమ్ముడు.

వాడూ నేనూ మాట్లాడుకుని ఏడేళ్ళు. మా ఆవిడ నాకు చెప్పకుండా ఫోన్ చేసింది. అంతా విని, ఎప్పుడు రమ్మంటావు వదినా అన్నాడట. నా గురించి ఏమైనా అడిగాడా అన్నాను. ఈ గోలంతా నీ గురించేగా, ఇంకేం అడుగుతాడు అంది.

వాడు నాకు పదిహేడేళ్ళు చిన్న. వాడికి ఏడాది నిండకముందే అమ్మ పోయింది. తినిపించింది నేను, కడిగింది నేను. మా ఆవిడ నర్సు సిస్టర్ ఎదురుగానే అనేసింది, ఈయన కడిగిందంతా మా మరిది ఇప్పుడు లెక్కగా తిరిగిచ్చేస్తున్నాడమ్మా అని. సిస్టర్ పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందో తెలుసు గనక బిగబట్టుకున్నాను.

జూన్ 9, సోమవారం. సాయంత్రం 5.00

వాడు పరీక్షలన్నీ పాసయ్యాడు. ఈ రోజు నాకు ట్యూబు వేశారు. కెమెరాతో లోపలికంటా వెళ్ళి, పెద్దపేగు మొదట్లో గోడకి క్లిప్పులతో పట్టించారట. రెండో కొస వెనకనుంచి బయటికొచ్చింది. పిరుదు మీద ప్లాస్టరు వేసి అంటించారు. ఇక రోజూ కెమెరా అక్కర్లేదు. ఉదయం వాడు తెచ్చింది, సాయంత్రం పుండ్లకి మందు, రెండూ ఇందులోంచే. క్లిప్పులు పది రోజులకో అటూ ఇటుగానో వాటంతటవే ఊడతాయి. ట్యూబు జారి వచ్చేస్తుంది. దాంతో అయిపోయినట్టే.

కట్టుకున్న భార్యకి కూడా వెలుతుర్లో చూపించని చోటు ఈ రోజు ఎనిమిదిమంది చూశారు.

జూన్ 10, మంగళవారం. ఉదయం 11.30

ఏడుంబావుకి వచ్చాడు.

మాది మూడో అంతస్తు. కిటికీలోంచి చూస్తే కింద స్కూటర్ స్టాండు, ల్యాబ్ కౌంటరు కనబడతాయి. స్కూటర్ దిగాడు. ముందు బుట్టలోంచి డబ్బా తీశాడు. కౌంటర్లో ఇచ్చి, సంతకం పెట్టి, వెళ్ళిపోయాడు. నాలుగు నిమిషాలు. తల పైకెత్తలేదు. నడినెత్తి పల్చబడింది. ఎప్పుడు పల్చబడిందో నేను చూడలేదు.

తొమ్మిదికి సిస్టర్ నాలుగు పెద్ద సిరంజీలు తెచ్చింది. లేత మట్టిరంగు నీళ్ళు. కుడిపక్కకి తిరిగి పడుకోవాలి, నడుం కింద దిండు. మెల్లిగా తోసింది. వాల్వు కూడా అంతే, ఒక్కసారిగా తిప్పితే పైపు అదిరిపోతుంది. ఆ అమ్మాయి చెయ్యి కుదురైంది. ఆ మాట పైకి అనలేదు.

తర్వాత రెండు గంటలు అలాగే ఉండాలి. కుడిపక్కంటే గోడ. గోడనే చూస్తూ పడుకున్నాను. లోపల కాస్త చల్లగా ఉంది. వాడు వచ్చాడు, నా లోపలే ఉన్నాడు, పలకడు అనిపించింది.

జూన్ 11, బుధవారం

వచ్చాడు. మూడు నిమిషాలు.

జూన్ 12, గురువారం. మధ్యాహ్నం

గోడకేసి పడుకుంటే అదే గుర్తొస్తోంది. రాసేస్తాను.

ఏడేళ్ళ కింద వాడి భార్య పోయింది. మా ఆవిడ ముందే వెళ్ళింది. నేను డ్యూటీ దిగి బస్సెక్కాను. రెండు గంటల ప్రయాణం. వాడితో ఏమనాలా అని దారంతా వెతుక్కున్నాను. ఒక్క మాట దొరకలేదు. ఇంటి గేటు మీద చెయ్యి వేశాను. లోపల ఏడుపులు. వాడి ముందుకెళ్ళి ఊరికే నిలబడితే ఏం బాగుంటుంది అనిపించింది. చెయ్యి తీసేశాను. వెనక్కి వచ్చేశాను.

ఒంట్లో బాగాలేదని ఫోన్లో చెప్పించాను. పెంచినవాడే రాలేదు, ఇంకెవరొస్తే ఏంటి అన్నాడట వాడు, నలుగురిలో. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను, తియ్యలేదు. మూడోసారి చెయ్యలేదు.

గేటు దాకా వెళ్ళానని మా ఆవిడక్కూడా తెలియదు.

జూన్ 13, శుక్రవారం

సిస్టర్ వాడి ఫారం చూస్తూ, ఏమండీ మీకు వేరుశనగ పడదా, చెప్పలేదేం అంది. చెప్పడం మర్చిపోయాను. చిన్నప్పుడు తింటే పెదాలు వాచిపోయేవి. మరి మీకెలా తెలిసిందమ్మా అన్నాను. డోనరే రాసి ఇచ్చాడట. అన్నయ్యకి పడదు గనక పరీక్షల రోజునుంచీ నేను ముట్టుకోవడం లేదు అని.

వాడు వేరుశనక్కాయలంటే ప్రాణం పెడతాడు. జేబులో లేకుండా ఎప్పుడూ చూడలేదు.

జూన్ 14, శనివారం. ఉదయం 10.00

ఏడుంబావుకే వచ్చాడు. డబ్బా మాత్రం కౌంటర్లో ఇవ్వలేదు. స్టాండు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. సీసాడు నీళ్ళు తాగాడు. మళ్ళీ తిరిగాడు. మా ఆవిడ కిందికి వెళ్ళి కనుక్కుని, నవ్వాపుకోలేక ఆయాసపడుతూ వచ్చింది. ఈ రోజు రావడం లేదట పాపం, వదినా నువ్వు ఇక్కడ నిలబడితే అసలు రాదు, వెళ్ళిపో అన్నాడట.

గంటన్నర తిరిగాడు. ఎడమకాలు కొంచెం ఎత్తెత్తి వేస్తున్నాడు. చొక్కా ఇస్త్రీ లేదు. ఏడేళ్ళలో వాణ్ణి ఇంతసేపు చూడటం ఇదే. రాకపోతే నాకు డోసు లేదు. అయినా, ఇంకాసేపు రాకుండా ఉంటే బాగుండు అనుకున్నాను. తప్పే.

ఎనిమిది నలభై ఐదుకి హాస్పిటల్ బాత్రూంలోకి పరిగెత్తాడు.

జూన్ 16, సోమవారం

నెత్తురు ఆగింది. నిన్న ఆరుసార్లు, ఈ రోజు ఐదు. డాక్టరమ్మ సంతోషపడింది. ఇలాగే ఉంటే సంచీ మాట తర్వాత చూద్దాం అంది.

చీటీ రాశాను. ఆ రోజు గేటు దాకా వచ్చాను అని. వాడికివ్వమని మా ఆవిడకి ఇచ్చాను. చదివింది. నాక్కూడా చెప్పలేదే అంది. తర్వాత చీటీ మడిచి నా దిండు కింద పెట్టింది. ఏడేళ్ళూ మీ ఇద్దరి మధ్యా నేనే నోరయ్యాను, ఇక నావల్ల కాదు, నీ నోటితో నువ్వే చెప్పుకో అంది.

వెనక ట్యూబు వేలాడేసుకుని మూడంతస్తులు ఎలా దిగను అన్నాను. లిఫ్టుంది అంది.

జూన్ 17, మంగళవారం

లిఫ్టు దాకా వెళ్ళాను. వెనక్కొచ్చేశాను.

జూన్ 18, బుధవారం

వచ్చాడు. కౌంటర్లో అమ్మాయితో ఏదో అని నవ్వాడు. నవ్వితే అమ్మ పోలిక.

జూన్ 19, గురువారం. సాయంత్రం 6.40

ట్యూబు ఊడిపోయింది.

నాలుగింటి మందు అయ్యాక ఆరున్నరకి బాత్రూంకి వెళ్ళాను. నొప్పి లేదు. ప్లాస్టరు పట్టి ఉంది గనక తోకలా వేలాడుతోంది. తీసి కడిగాను. చివర క్లిప్పులున్నాయి, రెండు, గోరంతేసి. కవర్లో చుట్టి అల్మరాలో పెట్టాను.

సిస్టర్‌కి చెప్పాలి. ఊడగానే చెప్పమని రోజూ చెబుతూనే ఉంది. చెబితే ఇప్పుడే వాడికి ఫోన్ వెళ్తుంది, రేపట్నుంచి రానక్కర్లేదని.

చెప్పలేదు. మా ఆవిడక్కూడా చెప్పలేదు. పొద్దున చెబుతాను. ఎనిమిదికి చెబుతాను.

జూన్ 20, శుక్రవారం. ఉదయం 7.40. కింద, ల్యాబ్ ముందు బెంచీ

లిఫ్టులో వచ్చాను.

నన్ను చూసి స్కూటర్ దగ్గరే ఆగిపోయాడు. నేనే వెళ్ళాను. ఆ రోజు గేటు దాకా వచ్చానురా అన్నాను. తెలుసు అన్నాడు. ఇంటి కిటికీలోంచి చూశాడట. అన్నయ్యా అని పిలుద్దామనుకున్నాడట. నోరు పెగల్లేదట.

నేను పెంచినవాడే కదా.

ట్యూబు రాత్రే ఊడిపోయింది అన్నాను. మరి దీన్నేం చెయ్యను అన్నాడు. నాకివ్వమన్నాను. వెచ్చగా ఉంది.

ఇద్దరం కూర్చున్నాం. అరగంటకి దగ్గరవుతోంది, ఏం మాట్లాడాలో తెలియక ఇది తీసి రాస్తున్నాను. ఏం రాస్తున్నావ్, చూపించు అంటున్నాడు.