మనలాంటి దేశమే

మంగళవారం, బరంపురం

ఈ రోజు చికిటి ఊళ్ళోని మా జీడిపప్పు షెడ్డులో ఆడవాళ్ళకు వియత్నాం ఫ్యాక్టరీ వీడియో చూపించాను. యజమాని పంపాడు. "అదీ మనలాంటి దేశమే కదా, వాళ్ళు రెట్టింపు పని ఎలా చేస్తున్నారో అడుగు" అన్నాడు. అడిగాను. క్లర్కును, అడగమంటే అడుగుతాను.

గింజలు కొట్టే నీలవేణి వేళ్ళకు జీడి నూనె ఉందని నా ఫోను ముట్టుకోలేదు. మెడ చాచి చూసింది.

"అమ్మా, ఆలు కుర్సీల మీద కూకున్నారు. సేతులకి గ్లవ్సులున్నాయి."

"అవును."

"ఆలూ మనలాంటోలే అన్నారు కదా?"

"అలాగే అంటున్నారు."

"మరైతే మనమేటమ్మా?"

నేను వీడియో ఆపేశాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. నూనె అంటకుండా వేళ్ళకు బూడిద రాసుకుని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

సాయంత్రం హాజరు మిషను మీద ఆమె బొటనవేలు పడలేదు. ఏ రోజూ పడదు. జీడి నూనెకు చర్మం ఊడి ఊడి గీతలు అరిగిపోయాయి. ఎప్పటిలాగే పుస్తకంలో పేరు రాశాను. రేషను షాపులో అలా రాసేవాళ్ళు ఉండరు, అక్కడ కూతురి వేలు వేయిస్తుంది.

యజమానికి గ్లవ్సుల సంగతి మెసేజ్ టైపు చేసి చెరిపేశాను. "అడిగాను, ఎవరూ ఏమీ చెప్పలేదు" అని పంపాను. బాధేమైనా కలుగుతుందేమోనని కాసేపు చూశాను. కలగలేదు. అన్నం తిన్నాను.

ఇందాక ఫోను మీద బొటనవేలు పెడితే ఒక్కసారికే తెరుచుకుంది. నేనూ పదకొండేళ్ళుగా ఆ షెడ్డులోనే పని చేస్తున్నాను.