కంచం వేరు, రేజర్ ఉమ్మడి

దయామణీ,

మధ్యాహ్నం హెండర్సన్ క్లినిక్‌కి వెళ్లి రక్తపరీక్ష చేయించుకో. డ్యూటీ ఉందని మళ్లీ ఎగ్గొట్టకు. జబ్బు లేదని తేలితే టీకా వేస్తారు.

నాకు హెపటైటిస్ బి అని తెలిసిన రోజు నుంచి నా కంచం, గ్లాసు వేరు పెట్టావు. కలిసి తింటే అంటదు, రక్తం తగిలినా, మొగుడూపెళ్లాలు కలిసినా అంటుతుందని నర్సు నీ ముందే చెప్పింది. మీ తమ్ముడేమో నిన్న నా రేజర్‌తోనే గడ్డం గీసుకున్నాడు. కంచానికి పాటించిన మడి రేజర్‌కి అక్కర్లేదా? దాన్ని పారేశాను. వాణ్నీ వెంటబెట్టుకుని వెళ్లు.

నేను పనికి పోతున్నాను.

ఇంకో మాట. ఇన్నేళ్లు ఒకే మంచం మీద పడుకున్నాం. నా భయమంతా అందుకే. రిజల్ట్ ఏదొచ్చినా ముందు నాకు ఫోన్ చెయ్యి. కారులో ఒక్కదానివే కూర్చుని ఏడవకు.