దూదిలో పడుకున్న ఎలుకలు

బెంగళూరు,
శుక్రవారం.

అన్నకు, చెల్లెలు సరోజ నమస్కారాలు. చలి తప్ప ఇక్కడ నాకు ఏ కష్టమూ లేదు. అక్కడ నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్న మోకాళ్ల నొప్పి ఎలా ఉందో ఒక్క ముక్క కూడా రాయలేదు నువ్వు. ఉత్తరమంతా నన్ను తిట్టడానికే సరిపోయింది.

ఆదివారం బండికి వస్తాను, పెట్టె సర్దుకో అన్నావు. నేను సర్దుకోలేదు. ఎందుకో చెబుతాను, కోపం పక్కన పెట్టి చదువు.

అమ్మ ఇక్కడ పిన్ని ఇంట్లో నాతో ఉన్న రోజుల్లో జరిగింది నీకు సగమే తెలుసు. ప్రొఫెసరు నా మీద అరిచారని చెప్పి ఉంటుంది, ఎందుకు అరిచారో చెప్పి ఉండదు. మా పరిశోధనశాలలో బాగా చల్లబరచిన గది ఒకటుంది. అందులో పైన ఒక వరస, కింద ఒక వరస బోనుల్లో ఎలుకల్ని వారాల తరబడి ఉంచుతాం. మొదట గజగజ వణుకుతాయి. ఆ వణుకుతోనే ఒళ్లు వేడి చేసుకుంటాయి. రోజులు గడిచేకొద్దీ వణుకు తగ్గిపోతుంది, ఒళ్లు మాత్రం వెచ్చగానే ఉంటుంది. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టడమే మా పని.

మధ్యాహ్నం నాకు క్యారియరు తెచ్చిన అమ్మ ఒకరోజు ఆ గదిలోకి తొంగి చూసింది. "ఏందమ్మీ ఇది, ఎట్ల వణకతాండాయి సూడు! నోరు లేని జీవాలు గదా!" అంది. చదువు కోసమమ్మా అన్నాను. "యాడన్నా ఉండాదా ఇట్లాంటి సదువు?" అని విసవిసా వెళ్లిపోయింది. వెళ్లిపోయిందనే అనుకున్నాను. నా రజాయిలో నింపడానికని మన మిల్లు నుంచి తెచ్చిన దూదిని కింది వరస బోనుల్లో గుప్పెడు గుప్పెడు పెట్టేసింది. ఆ నెలంతా నేను వేరే గదిలో పనిలో ఉన్నాను. మేత వేసే హనుమంతప్పను తర్వాత నిలదీస్తే, "పెద్దమ్మగారు తీయొద్దన్న్యారు గదమ్మా, నాకేం తెలుసు?" అన్నాడు. పత్తి వ్యాపారం చేసే ఇంటి వాళ్లకు తప్ప ఇలాంటి ఆలోచన ఎవరికీ రాదు.

ప్రొఫెసరు చూసి మండిపడ్డారు. ఇది ధర్మసత్రం కాదు, కొట్టు నడుపుకునే వాళ్లకు ఈ చదువెందుకు, ఇంటికి వెళ్లిపో అన్నారు. ఏడ్చాను. తర్వాత కళ్లు తుడుచుకుని, ఈ ఎలుకల్ని పారేయకండి, నాకు వదలండి అన్నాను.

దూది తీసేసి రెండు వరసల్నీ అదే చలిలో ఉంచాను. దూదిలో పడుకున్నవి నిన్ననే చలిలోకి వచ్చిన వాటిలా వణికిపోయాయి. పై వరసవి నింపాదిగా మేత తింటున్నాయి. ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే నలుసులుంటాయి. తిన్న తిండి అక్కడ కాలుతుంది. మన మిల్లులో ఇంజను బెల్టు ఊడిపోతే ఏమవుతుంది? ఆయిలు కాలుతూనే ఉంటుంది, పత్తి నుంచి గింజ ఒక్కటీ విడదు, ఇంజను మాత్రం వేడెక్కుతుంది. చలికి అలవాటుపడ్డ ఎలుకలో ఆ నలుసులు కొంత అలాగే నడుస్తాయని మా అనుమానం. పై వరస ఎలుకల్లో అవి ప్రాణవాయువును గబగబా లాగేసుకున్నాయి. దూదిలో పడుకున్న వాటిలో అంత జోరు లేదు. ప్రొఫెసరు చూసి మెచ్చుకోలేదు. సోమవారం కొత్త వరస మొదలుపెట్టమన్నారు. నాకు అది చాలు.

నీ అసలు కోపం నాకు తెలుసు. వైశ్యుల ఇంటి పిల్ల ఎలుకల్ని చంపుతోందని మన ఊరి కౌల్ బజారులో చెప్పుకుంటున్నారు. అవును, చంపుతాను. ఆ నలుసుల్ని చూడాలంటే మాకు వేరే దారి లేదు. మొదటిరోజు అన్నం ముట్టలేదు. మర్నాడు తిన్నాను. అడిగిన వాళ్లకు నా కోసం అబద్ధం చెప్పకు, చంపుతుందనే చెప్పు.

ఆదివారం వస్తే రా, సంతోషం. అన్నంలోకి గురెళ్ల పొడి తీసుకురా, పిన్ని సాంబారులో బెల్లం వేసి వేసి నా నోరు చచ్చిపోయింది. ఇక్కడ పనిచేసే వాళ్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. సాయంత్రమైతే మాట్లాడే తోడు లేక మీ అందరి మీదా బెంగ పెట్టుకుంటాను. బెంగ ఉందని వచ్చేస్తాననుకోకు.

అమ్మను ఏమీ అనకు. పిల్లలకు ముద్దులు. ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించి, నా బదులు ఆయన పాదాలకు దండం పెట్టు. దీవించమను. క్షేమంగా ఇంటికి రమ్మని దీవిస్తారేమో, వద్దను. ఇక్కడే నిలబడమని దీవించమను.

నీ చెల్లెలు,
సరోజ