ముట్టుకోవద్దన్న నారు

ఖమ్మం,
17 నవంబరు 2024, ఆదివారం.

ఎర్రుపాలెంలో కూతురింట ఉన్న మా పెద్దమ్మ ముత్యాలమ్మకు,

నీ స్తుతి రెండు చేతులూ జోడించి చెప్పే వందనాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నీ మోకాలు, ఫ్లోరెన్స్ అక్క, పిల్లలు అందరూ కులాసా అని తలుస్తాను. నీకు రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి అక్క ఎత్తి, మా అమ్మ నీతోని మాట్లాడదంట అని పెట్టేసింది. రెండోసారి ఎత్తనే లేదు. అక్కను తప్పు పట్టను. ఆమె స్థానంలో నేనుంటే ఇంకో నాలుగు మాటలు కలిపి పెట్టేసేదాన్ని. అందుకే కాగితం పట్టుకున్నాను. నీకు చదవడం రాదు కనుక అక్కే చదివి వినిపించాలి. అక్కా, నా మీద కోపంతో మధ్యలో వరుసలు ఎగరగొట్టొద్దు.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఆ నారు నువ్వు ముట్టుకోలేదు పెద్దమ్మా. బలరాం గారి నర్సరీలో నిన్ను నలుగురి ముందు నిలబెట్టి, నువ్వు నా పరిశోధన పాడుచేశావని వేసిన నింద నిజం కాదు. ఆ మాట పట్టుకునే భద్రాచలం చుట్టుపక్కల ఏ నర్సరీ వాళ్లూ నిన్ను పనికి పిలవడం లేదనీ, చెప్పిన మాట వినని చెయ్యి అని పేరు పెట్టారనీ, నీళ్లు పెట్టే పగిడయ్య చెప్పాడు. పద్దెనిమిదేళ్లు మిరప నారు పెంచిన మనిషివి ఇప్పుడు పత్తి ఏరడానికి పోతున్నావట. నీ మీద పడ్డ ఆ మచ్చ పోవాలి, నువ్వు మళ్లీ నారు దగ్గరికి రావాలి. ఈ ఉత్తరం అందుకే.

నర్సరీ కబుర్లు కొన్ని. అడవి వైపు కట్టిన షేడ్‌నెట్‌ను కోతులు చింపేశాయి. బలరాం గారు టపాకాయలు కాల్చి వాటిని బెదిరించబోతే, అవి పోలేదు గాని ఆయన కుక్క మూడు రోజులు కనిపించకుండా పోయింది. నువ్వు వెళ్లాక పదిహేను ట్రేలలో నారుకుళ్లు వచ్చింది. పగిడయ్య నీళ్లు ఎక్కువ పెట్టాడని ఆయన, ఆకుల మీది నీళ్లు దులిపే మనిషి లేకపాయె అని పగిడయ్య, ఇద్దరూ ఒకరిని ఒకరు తిట్టుకున్నారు. చివరికి బలరాం గారే, ముత్యాలమ్మ ఉంటే గిట్ల కాకపోవు అని గొణుక్కున్నారట.

అక్కకు కథ మొత్తం తెలిసి ఉండదు. ఆమె కోసం మొదటి నుంచి చెబుతాను. మిరప నారు నీడలో పెరిగితే సన్నగా సాగిపోతుంది. పొలంలో నాటగానే గాలికి నడుం విరుగుతుంది. అదే నారును రోజూ కాస్త నిమిరితే పొట్టిగా, గట్టిగా తయారవుతుంది. ఇది నాకంటే ముందు నీకే తెలుసు. అప్పుడు కాండం లోపల ఏం జరుగుతుందన్నది నా పరిశోధన. మొక్క ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఒక గోడ ఉంటుంది. గోడంటే ఒట్టి పీచే అనుకుంటాం గాని అందులో ప్రోటీన్లు కూడా ఉంటాయి. ఒక రకం గోడను వదులు చేస్తుంది, అప్పుడు కాండం పొడుగు సాగుతుంది. ఇంకో రకం పీచును పట్టి బిగిస్తుంది, అప్పుడు కాండం గట్టిపడుతుంది. నిమిరిన నారులో ఈ బిగించే రకం పెరుగుతుందా లేదా చూడాలి. ఇదంతా నువ్వు అన్నం తింటూ విని, తడికెల బద్దలు ఎన్నుంటే ఏంది బిడ్డా, కట్లు కదా దాన్ని నిలబెట్టేది అన్నావు. నేను నెల రోజులు చదివి అర్థం చేసుకున్నది నువ్వు ముద్ద నోట్లో పెట్టుకునేలోపు చెప్పేశావు. నాకు ఒళ్లు మండింది కూడా.

ఇరవై ట్రేల నారును నువ్వు రోజూ పొద్దున పాత చీర ముక్కతో పదేసి సార్లు నిమరాలి. ఇంకో ఇరవై ట్రేలకు ఎర్ర రిబ్బన్లు కట్టి, వీటిని ఎవరూ ముట్టుకోవద్దన్నాను. నీకది నచ్చలేదు. సగం మంది పిల్లలకు తల దువ్వి సగం మందిని గట్లనే వదిలేసినట్టుంది అన్నావు. అయినా ముట్టుకోలేదు. ఆగస్టు వానల్లో ఆకుల మీద నీళ్లు నిలిచిపోతే, దులపడానికి లేచిన చెయ్యిని వెనక్కి కట్టుకుని, నన్ను పిలిచి చూపించేదానివి. నేను మాత్రం ప్రతి ట్రేలో పది మొక్కల పక్కన తెల్ల పుల్లలు గుచ్చి, ఆ పదింటి పొడవూ లావూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచేదాన్ని. కొలిచే పరికరానికి నువ్వు పీత కొండి అని, నాకు కొలతల పిల్ల అని పేర్లు పెట్టావు.

సెప్టెంబరు మొదటి వారంలో పుల్లలు గుచ్చిన మొక్కల్లో సగం పీకి ల్యాబుకు తీసుకెళ్లాను. నిమిరిన నారులోనూ, నిమరని నారులోనూ ఆ బిగించే ప్రోటీన్ ఒకేలా ఉంది. కాండాలు కూడా ఒకేలా గట్టిగా ఉన్నాయి. రెండేళ్ల పని మట్టి కొట్టుకుపోయింది. ఎర్ర రిబ్బన్ల ట్రేలను ఎవరో ముట్టుకున్నారనుకున్నాను. ఎవరో ఏమిటి, పొద్దున్నే చీర ముక్క పట్టుకుని అక్కడ తిరిగేది నువ్వొక్కదానివే. వెళ్లి బలరాం గారితో చెప్పాను.

మర్నాడు ఆయన పనివాళ్లందరినీ పిలిచి, ముట్టుకోలేదని ఒట్టెయ్, వదిలేస్తా అన్నారు. నేను ముట్టలే సారూ, కానీ ఒట్టు మాత్రం పెట్టుకోను అన్నావు. నీ బిడ్డ మీద ఒట్టెయ్ అన్నారు. మా ఇండ్లల్ల ఒట్టు పెట్టుకోరు, అవ్ అంటే అవ్, కాదంటే కాదు, గంతే అన్నావు. నిజం చెప్పేదానికి ఒట్టంటే భయమేంది అని వెనక నుంచి ఎవరో అన్నారు. దాంతో తీర్పు అయిపోయింది. నువ్వు నా వైపు ఒకసారి చూశావు. చీర ముక్క మడిచి ట్రే పక్కన పెట్టి వెళ్లిపోయావు. ఆ ఒట్టు సంగతి అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

పోయిన వారం ఫోనులో పాత ఫొటోలు సర్దుతుంటే, ఎర్ర రిబ్బను ట్రేను పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి కనిపించింది. ట్రేలో నారంతా ఒకే ఎత్తున లేదు. ఐదు మొక్కలు పొట్టిగా, నిటారుగా ఉన్నాయి. మిగిలినవన్నీ వాటికంటే రెండు వేళ్లు ఎత్తుగా సాగి, వాలిపోయి ఉన్నాయి. ఆ పొట్టి ఐదింటి పక్కనే తెల్ల పుల్లలు. నువ్వు చీర ముక్కతో నిమిరి ఉంటే ట్రే మొత్తం పొట్టిగా ఉండాలి కదా. ముట్టుకున్నది నేనే. రోజుకు రెండుసార్లు, నెల రోజులు, ఆ మొక్కల కాండాన్ని వేళ్లతో పట్టుకుని, వాలిన తలను నిలబెట్టి, పీత కొండి బిగించాను. ల్యాబుకు తీసుకెళ్లిందీ వాటినే. ఊరందరినీ ముట్టుకోవద్దన్నాను గాని నాదీ ఒక చెయ్యే అని తోచలేదు. ఆడలేక మద్దెల ఓడు అంటారే, అలా నా చెయ్యి చేసిన పనికి నిన్ను పట్టుకున్నాను.

నన్ను క్షమించు పెద్దమ్మా. మాటతో పోయేది కాదని తెలుసు. బలరాం గారికి ఫోన్ చేసి, ముత్యాలమ్మ తప్పేమీ లేదని చెప్పాను. ఆయన, నలుగుర్ల అన్న మాటను నలుగుర్లనే తియ్యాలె కదమ్మా అన్నారు. నిజమే. వచ్చే శనివారం పొద్దున, పనివాళ్లందరూ ఉండగా, షేడ్‌నెట్ ముందు నేనే చెబుతాను. నువ్వు వస్తే నీ పక్కన నిలబడి చెబుతాను. రాకపోయినా చెబుతాను. ఆయన నిన్ను మళ్లీ పనిలోకి రమ్మంటున్నారు. రావాలో వద్దో నీ ఇష్టం. నీకు కోపం ఉంటే తిట్టడానికైనా రా.

మోకాలికి నూనె రాయడం మానకు.

నీ పక్కన కూర్చుని నీ సద్దిలో సగం తిన్న
కొలతల పిల్ల,
స్తుతి.

తా.క. సోమవారం పొద్దున, పోస్టాఫీసు బయట. కవరు అంటించబోయి మళ్లీ తెరిచాను. పోయిన వారం ఫొటో కనిపించిందని రాశానే, అది అబద్ధం పెద్దమ్మా. బలరాం గారికి నీ మీద చెప్పిన రోజు సాయంత్రం మళ్లీ కొలుద్దామని ట్రేల దగ్గరికి వెళ్లాను. పక్కన కింద కూర్చుంటే ఆ ఐదు పొట్టి మొక్కలు కనిపించాయి. చూడగానే అర్థమైంది. ఫొటో అప్పుడే తీశాను. మర్నాడు నిన్ను నిలబెట్టినప్పుడు నేను నోరు తెరిస్తే సరిపోయేది. వారంలో యూనివర్సిటీ కమిటీ ముందుకు వెళ్లాలి. తప్పు కూలీదైతే ఇంకో ఏడాది ఇస్తారు, నాదైతే నీకు పరిశోధన ఎందుకమ్మా అంటారని భయపడ్డాను. కూలీ పొరపాటు అని రిపోర్టులో రాశాను. ఏడాది ఇచ్చారు.

ఒట్టు సంగతి ఎవరికీ అర్థం కాలేదన్నదీ అబద్ధమే. నాకు అర్థమైంది. మా ఇల్లూ మీ ఇల్లు లాంటిదే కదా, ఒట్టు పెట్టుకోవద్దన్న బైబిలు మాట పాటించే ఇల్లు. చిన్నప్పుడు ఒకసారి నా నోట ఒట్టు అన్న మాట వచ్చినందుకు మా నాన్న షాలేమ్‌రాజు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మన పిల్లే ఉంది, ఈమె చెబుతుందిలే అనుకునే కదా నువ్వు నా వైపు చూశావు. నేను తల వంచుకుని రిబ్బన్లు సరిచేస్తూ నిలబడ్డాను.

కమిటీకి నిజం రాసిన కాగితం ఇంకో కవరులో పెట్టాను, రెండూ ఇప్పుడే పోస్టు చేస్తున్నాను. ఇచ్చిన ఏడాది ఉంచుతారో తీసేస్తారో తెలియదు. శనివారం నలుగురిలో నేను చెప్పబోయేది కూడా ఈ మాటే.

ఫ్లోరెన్స్ అక్కా, పైన ఉన్నదంతా ఎలా చదివావో గాని, ఈ తాజా కలం మాత్రం వాకిట్లో నిలబడి చదువు. పక్కింటి వాళ్లకు వినబడేలా చదువు.