కప్పు లేని గది

చిరంజీవి నా చిట్టితల్లికి, నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాళ్ళు మాత్రం మెట్టు కనబడితే చాలు, మొరాయిస్తున్నాయి. నువ్వు డ్యూటీకి వెళ్ళినప్పుడు పాపను ఎవరు చూస్తున్నారోనని మాకు బెంగగా ఉంది.

ఇంటిపన్ను సంగతి అడిగావు. ఈసారి కొలతలకు కొత్త అధికారి వచ్చి, టేపుతో గోడగోడా కొలిచాడు. పద్ధతి మాత్రం పాతదే. పైన కప్పు ఉంటేనే గది, లేకపోతే ఎన్ని గోడలున్నా ఖాళీ స్థలం. ఆ కొలతను బట్టే ఇంటికి విలువ కడతారు, విలువను బట్టి పన్ను వేస్తారు. అందుకే మన వీధిలో ప్రతి ఇంటి వెనకా ఒక మొండిగోడల గది ఉంటుంది. మనదీ అంతే. "వాననీళ్ళ చేత కూడా పన్ను లేకుండా కాపురం పెట్టించారు మీరు" అని మీ అమ్మ నన్ను దెప్పుతూనే ఉంటుంది. నిజమే. బట్టలు కుట్టేవాణ్ణి, గుడ్డపీలిక పారేయడానికి కూడా నాకు చెయ్యి రాదు.

అల్లుడు పోయాక నువ్వు రాసిన ఉత్తరం చివర్న, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "మేమిద్దరం వస్తే మీకు ఇరుకవుతుందేమో నాన్నా" అని రాశావు. అది చదివి మీ అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో మేం, ఒకదాంట్లో కుట్టుమిషను. ఇరుకు కాదని రాస్తే నువ్వు నమ్మవు.

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు చెబుతున్నాను. కిందటి నెల మేస్త్రీని పిలిచి వెనకాల ఆ మొండిగోడల గదికి కప్పు వేయించాను. పని పూర్తి కాగానే పన్ను ఆఫీసుకు వెళ్ళి, మా ఇంట్లో ఒక గది పెరిగింది, రాసుకోండి అన్నాను. గుమాస్తా కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"మొన్ననేగా కొలిచి వెళ్ళారు! మళ్ళీ కొలతలకు ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందండీ?"

"అందులో మా అమ్మాయి ఉంటుందండీ. దాన్ని దొంగచాటు గదిలో ఎలా ఉంచను?" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రాసుకున్నాడు. ఆ పన్నుతోనే మన బడి నడుస్తుంది, రేపు పాప చదివేదీ అక్కడే కదా.

కిటికీ తూర్పువైపు పెట్టించాను. ఖాళీ గదికి పన్ను కట్టడం నా వల్ల కాదు, నా సంగతి నీకు తెలుసు. వచ్చెయ్యి తల్లీ.

ఇట్లు,
పాపకు తాతయ్య, నీకు నాన్న