విరిగినవి వస్తే మార్చి ఇస్తాం

సోమవారం
బి బ్లాక్, ఫ్లాట్ 904, తెల్లాపూర్

‘దీనమ్మ చక్రాలు’ దుకాణం ఓనర్ గారికి నమస్తే.

నిన్న లింగంపల్లి స్టేషన్ ముంగట ట్రాఫిక్‌ల ఇరుక్కుని మీ బోర్డు చూసిన. “దీనమ్మ చక్రాలు. విరిగినవి వస్తే మార్చి ఇస్తాం” అని ఉన్నది, కింద ఈమెయిల్ ఉన్నది. పానం లేచొచ్చింది.

మా బిడ్డ రసజ్ఞకు రెండు కార్బన్ చక్రాలున్నయి. నల్లగ నిగనిగలాడుతయి. శనివారం పొద్దుగాల ఆమె కాలేజీ టూరుకు పోయింది. సాయంత్రం నేను కారు రివర్స్ తీస్తుంటే వాటిల ఒకటి టైరు కింద పడ్డది. ‘టప్’ అన్నది, అంతే. బిడ్డ శుక్రవారం వస్తది. ఆదివారం పోటీ. ఏడాది సంది దీని కోసమే కష్టపడ్డది. నేనే ఖరాబ్ చేసిన్నని తెలిస్తే నాతోని మాట్లాడదు.

బాగుచేస్తరా, మార్చుమంటరా? జర జల్ది చెప్పండి.

పరేషాన్‌ల ఉన్న,
మధుకర్

తా.క.: విరిగినదాన్ని అల్మారాల నా కోటు వెనుక దాచిన. మా ఆవిడ మమతకు కూడ చెప్పలే.

*

మంగళవారం
లింగంపల్లి

మధుకర్ గారికి వందనాలు.

ఇరవై ఎనిమిదేళ్లు బందరులో తెలుగు పంతులమ్మగా చేశాను. పిల్లల దగ్గర ఎన్నో సాకులు విన్నాను గానీ ఇలాంటి ఉత్తరం చదవడం ఇదే మొదలు. కారు కింద పడ్డదాన్ని ఎవరైనా దాచుకుంటారటండీ? శుభ్రంగా ఊడ్చి అవతల పారేయాలి. అల్మారాలో పెడితే చీమలు పట్టవూ?

బోర్డు మీద విరిగినవి అంటే మేం పంపేటప్పుడు దారిలో విరిగినవని అర్థం. కారెక్కించినవని కాదు. పైగా కార్బన్ అంటున్నారు, నలుపంటున్నారు. మాడిపోయాయన్నమాట. మాడినవి మా కొట్లోవి కానే కావు, ఎక్కడ కొన్నారో వాళ్లనే అడగండి.

అయినా ఆడపిల్ల కష్టం అన్నారు కనుక కాదనలేను. మిగిలినవి మెత్తబడి ఉంటే తీసుకురండి, మళ్లీ వేయించి ఇస్తాను. కొత్త నూనే వాడతాను. మొత్తం ఎన్ని కిలోలు?

ఇట్లు,
దీనమ్మ

తా.క.: పోటీ అంటే తినే పోటీయా, చేసే పోటీయా?

*

బుధవారం
తెల్లాపూర్

దీనమ్మ గారికి నమస్తే.

మీ జవాబు ఆఫీసుల మీటింగ్ నడుమ చదివిన. చీమల మాట చూసి గుండె గుభేలుమన్నది. కార్బన్‌కు చీమలు పడతయని ఏ వెబ్‌సైట్‌ల రాయలే. అయినా ఇంటికి పోంగనే అల్మారా చుట్టు చీమల చాక్‌పీస్‌తోని గీత గీసిన. మమత అడిగితే వాస్తు అని చెప్పిన.

మాడలే అమ్మా. కార్బన్ అంటేనే నలుపు. గోటితోని మీటితే మంచికాడ ‘టంగ్’ అంటది, పగిలినకాడ ‘దబ్’ అంటది. మళ్ల వేయించి ఇస్తమన్నరు, సంతోషం. ఎన్ని పొరలు వేయిస్తరు? నూనె మాత్రం అస్సలు వద్దు, నూనె అంటితే బ్రేకు పడదు. కిలోలు ఎందుకడిగిన్రో సమజ్ కాలే. రెండూ కలిపి కిలోన్నర. లక్ష పెట్టి కొన్న.

మళ్లీ అడుగుతున్న: బాగుచేసుడా, మార్చుడా? ఒక్క ముక్క చెప్తే సరిపోతది కదా!

ఇట్లు,
మధుకర్

తా.క.: పోటీ తినుడు కాదు. తొక్కుడు.

*

గురువారం
లింగంపల్లి

మధుకర్ గారూ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్లజోడు తుడుచుకుని నాలుగోసారి చదివాను. కిలోన్నరకి రెండే చక్రాలా? అవి చక్రాలా, తిరగలి రాళ్లా? వాటికి లక్ష రూపాయలు పోశారా? మిమ్మల్ని ఎవరో నిలువునా ముంచారండీ బాబూ!

పొరలు కావాలంటే మడత కాజా కొనుక్కోండి. నూనె లేకుండా వేయించడం మాత్రం నా వల్ల కాదు. బ్రేకు అంటారా, అది పడకూడదనే కదా నా తాపత్రయమంతా! ‘దబ్’ అనేవి ఎందుకూ పనికిరావు, అవతల పారేయండి.

మీతో వాదించే ఓపిక నాకు లేదు. రేపు సాయంత్రానికి మీ ఇంటికి కొత్తవి కిలోన్నర పంపిస్తున్నాను. మీ డబ్బు వద్దు. పిల్ల పోటీ చల్లగా జరగాలి.

ప్రార్థనలో తలుచుకుంటూ,
దీనమ్మ

తా.క.: తొక్కుడు అనేది లడ్డు. అది మా బందరు సొత్తు. చక్రాల పోటీకి తొక్కుడు అని పేరు పెట్టినవాళ్లను ఒకసారి నా దగ్గరికి పంపండి.

*

శనివారం
తెల్లాపూర్

టీచరమ్మా,

మడత కాజా అన్నప్పుడే నాకు డౌట్ రావాలె. ‘కొత్తవి పంపిస్తున్నాను’ అన్న మాట చూసి మిగిలిందంత చదువుడు బంద్ చేసిన. నాదే తప్పు.

నిన్న మీ డబ్బా గేటు కాడికెంచి రసజ్ఞనే పట్టుకొచ్చింది. “నాన్నా, నీకు చక్రాలు వచ్చినయట” అన్నది. గింత డబ్బల రెండు ఎట్ల పట్టినయబ్బా అనుకుంట తెరిచిన. మురుకులు! అవి మురుకులమ్మా! మా దిక్కు మురుకులనే అంటం. చక్రాలంటే పయ్యలు, సైకిల్ పయ్యలు! బోర్డు మీద ‘తినేవి’ అని ఒక్క మాట రాయిస్తే మీ సొమ్మేం పోయేది?

మమత నవ్వి నవ్వి సోఫా మీద పడ్డది. ఇగ దాచేదేమున్నదని అల్మారా తెరిచి బిడ్డ ముంగట అంతా ఒప్పుకున్న. ఆమె చీమల గీత దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. ఒక్క మాట తిట్టలే. తిడితే బాగుండు! కండ్లు తుడుచుకుంట లోపలికి పోయి తలుపేసుకున్నది. పాత సైకిల్ ఇనుప పయ్యలు ఏసుకొని పోతదట, పోటీ కాడికి నన్ను రావొద్దన్నది.

కోకాపేటల అజయ్ అని మెకానిక్ ఉంటే ఇయ్యాల చూపిచ్చిన. “అన్నా, ఇది బాగుచేసినా నమ్మలేం. అయినా ఇది మొన్నటి పగులు కాదు, లోపల దుమ్ము పట్టింది” అన్నడు. కారెక్కించినోణ్ణి నేను, నాకు తెల్వదా? వాని మొఖం!

తల పట్టుకుని కూసున్న,
మధుకర్

తా.క.: సగం డబ్బా ఖతం చేసిన. ఏడ్చుకుంటనే తిన్న. మంచిగున్నయి.

*

ఆదివారం
లింగంపల్లి

మధుకర్ గారికి,

తెలుగు చెప్పి బతికినదాన్ని, చక్రానికి రెండో అర్థం గుర్తురాలేదు. సిగ్గుగా ఉంది. అది అలా ఉంచండి.

నేను చర్చికి బయలుదేరుతుంటే కొట్టు ముందు సైకిల్ ఆగింది. చెమటలు కక్కుతూ ఒక పిల్ల దిగి నా ఖాళీ డబ్బా చేతిలో పెట్టింది. మీ రసజ్ఞ. పోటీలో చివరి నుంచి మూడోదట. దానికి ఏడవడం లేదు. ఎందుకు ఏడుస్తోందో కాసేపటికి చెప్పింది.

అజయ్ చెప్పింది నిజమండీ. ఆ చక్రం మీ కారు కింద పడక ముందే పగిలింది. పది రోజుల కిందట తనే గుంతలో దింపిందట. లక్ష రూపాయల వస్తువు, మీరు చంపేస్తారని భయం. టూరుకు వెళ్తూ వెళ్తూ దాన్ని మీ కారు వెనుక పెట్టింది తనే. మీరు ఎక్కిస్తారు, మీరే కొత్తది కొంటారు అని లెక్క వేసుకుంది. మీరు దాన్ని కోటు వెనుక దాచి, చుట్టూ చీమల గీత గీస్తారని మాత్రం అనుకోలేదు. ఆ గీత చూశాక పిల్లకి తిండి సహించలేదట. మీ మొహం చూడలేక రావొద్దంది గానీ కోపంతో కాదు.

మీకు చెప్పే ధైర్యం లేదని నన్ను రాయమంది. నా పక్కనే కూర్చుని ప్రతి అక్షరం చూస్తోంది. రెండుసార్లు తప్పులు కూడా దిద్దింది.

బాగుచేయడమా మార్చడమా అని అన్నిసార్లు అడిగారు. చక్రం సంగతి అజయ్‌కే వదిలేయండి. పిల్లను మాత్రం ఏ కొట్లోనూ మార్చి ఇవ్వరు. వెంటనే బయలుదేరి రండి. తిట్టాలనుంటే ఇక్కడే, నా ఎదుట తిట్టండి. మీ వంతు అయ్యాక నేనూ ఇద్దరికీ కలిపి నాలుగు చీవాట్లు పెట్టాలి.

ఎదురుచూస్తూ,
దీనమ్మ

తా.క.: బోర్డు మార్పించాను. “దీనమ్మ చక్రాలు. ఇవి తినేవి. కారెక్కించినవి మార్చబడవు.”