సూరయ్య తాత కొయ్యని తోలు

ఆదివారం రాత్రి, ఇపో, మలేసియా

నేను వంట చేసిపెట్టే యూదుల పెద్దావిడ, రేచల్ ఆంటీ తోలు గ్రంథం దొరికింది. ఇంటికి రంగులు వేయించినప్పుడు పాత సామాన్లతో పాటు పొరపాటున అవి కొనేవాడి లారీ ఎక్కేసింది. వాళ్ళ తాత బాగ్దాదు నుంచి తెచ్చుకున్నది, హీబ్రూలో చేత్తో రాసినది. మా బైబిల్లో ఉన్న ఎస్తేరు కథే. అది పోయినప్పటి నుంచి నేను వండిపెట్టిందేదీ ఆంటీ సరిగ్గా తినలేదు.

పాత సామాన్లవాణ్ణి పట్టుకుని అడిగితే, తోలు కదా అని దగ్గర్లోని సుంగై సిపుట్ ఊళ్ళో డప్పులు కట్టే సూరయ్య తాతకి ఇచ్చేశానన్నాడు. ఈపాటికి కోసేసి ఉంటాడనుకున్నాను. ఈ ఉదయం ఆంటీని కార్లో తీసుకుని వెళ్ళాను.

తాత దాన్ని ఉతికిన పంచెలో చుట్టి దాచాడు.

"డప్పుకి కోసీడానికే ఇప్పినానమ్మా. సూస్తే నిండా అచ్చరాలు. సెయ్యి రానేదు."

బదులుగా ఏమివ్వమంటారని ఆంటీ మలయ్‌లో అడిగింది.

"ఏటీ వద్దులా. ఏటి రాసినారో సదివి ఇనిపించమను," అన్నాడు నాతో.

ఆంటీ అక్కడే స్టూలు మీద కూర్చుని చదివింది. కథలో దుర్మార్గుడు హామాను పేరు వచ్చినప్పుడల్లా అది వినపడకుండా గోల చెయ్యడం వాళ్ళ పండగ ఆచారమట. నేనది తెలుగులో చెప్పగానే తాత డప్పు అందుకున్నాడు. ఆ పేరు వచ్చిన ప్రతిసారీ వీధి అదిరింది. ఆంటీ నవ్వు ఆపుకోలేక చదవడం ఆపేసింది.

తిరిగి వస్తుంటే నాకు దిగులేసింది. ఈ ఊళ్ళో ఆ అక్షరాలు చదవగలిగే మనిషి నాకు తెలిసి ఆవిడొక్కతే. ఆవిడ తర్వాత...

ఎలా అడగాలా అనుకుంటుండగా ఆంటీయే అంది, "నీకు నేర్పుతాను. ముందు ఆ పెద్దాయన్ని పండక్కి పిలు."